సృష్ట్యాది సంఖ్య – నలువదియేడువేల నాలుగువందల దివ్యాబ్దముల లెక్క

సంకల్పము చెప్పు ఆస్తికుడు ముందుగా తానున్న కాలమును, దేశమును పేర్కొని, పిమ్మట కర్మ నారంభించును. బ్రహ్మ యొక్క ద్వితీయ పరార్ధము, అందు శ్వేతవరాహ కల్పము, అందు వైవస్వత మన్వంతరము, అందు కలియుగము, దాని ప్రథమ పాదము అని పెద్ద కొలత నుండి చిన్న కొలతకు దిగివచ్చి, తుదకు ఆనాటి తిథివారములతో ముగించును. ఇది ఒక పెద్ద సంఖ్యను కోట్లు, లక్షలు, వేలు, వందలు అని స్థానక్రమమున చదివి ఒకట్లతో ముగించుట వంటిదే. సంకల్పమునందు పేర్లు మాత్రమే వినబడును గాని ఆ పేర్ల వెనుక అంకెలు కలవు. వానిని పంచాంగకర్తలు తమ గ్రంథముల మొదటి పుటలలో చూపుదురు.

సూర్యసిద్ధాంతము ననుసరించి, 2025 ఉగాదితో ప్రవేశించిన విశ్వావసు నామ సంవత్సరమునకు కలి గతాబ్దములు 5,126. కల్పాది గతాబ్దములు 197,29,49,126. సృష్ట్యాది గతాబ్దములు 195,58,85,126. శ్రద్ధగా చూచువారికి ఇచ్చట ఒక సందేహము కలుగకమానదు. కల్పాదియే సృష్ట్యాది కావలదా? రెండు సంఖ్యలు వేరువేరుగా ఏల యున్నవి? ఒకదానినుండి ఒకటి తీసివేసినచో 1,70,64,000 సంవత్సరముల భేదము వచ్చుచున్నది. దీనికి సూర్యసిద్ధాంతము మధ్యమాధికారమున సమాధానము కలదు. బ్రహ్మ చరాచర జగత్తును, గ్రహనక్షత్రములను సృజించుటకు 47,400 దివ్యాబ్దములు పట్టెననియు, గ్రహముల గమనము ఆ తరువాతనే ఆరంభమయ్యెననియు దాని తాత్పర్యము. దివ్యాబ్దమొకటి 360 మానవ సంవత్సరములు గనుక 47,400ను 360 చేత గుణించినచో సరిగా 1,70,64,000 వచ్చును.

విశ్వాసము గలవారు ఇంతటితో తృప్తి పొందుదురు. విశ్వాసము లేనివారు ఇంతటితోనే నవ్వుదురు. ఏబదివేలు కాక, నలువదివేలు కాక, నలువదియేడువేల నాలుగువందలే ఏల? ఎవరో కాలక్షేపమునకు తోచిన సంఖ్యను చెప్పినారని వారి ఆక్షేపణ. ఈ రెండు పక్షములవారును సంఖ్యను చూచుచున్నారేగాని లెక్క చేయుట లేదు. గుణకారము, భాగహారము, శేషము అను మూడు విషయములు తెలిసిన బాలుడు కూడ ఈ సంఖ్య ఎచ్చటినుండి వచ్చుచున్నదో కనుగొనవచ్చును. అందుకు ముందుగా మహాయుగ సంఖ్యను పరిశీలింపవలెను.

మహాయుగము 43,20,000 సంవత్సరములు. కృత, త్రేతా, ద్వాపర, కలియుగములు నాలుగును 4, 3, 2, 1 నిష్పత్తిలో నుండును. వీని మొత్తము పది. మహాయుగమున పదియవ వంతు 4,32,000, ఇది కలియుగము. దీనికి రెట్టింపు 8,64,000 ద్వాపరము. మూడింతలు 12,96,000 త్రేత. నాలుగింతలు 17,28,000 కృతము. దివ్యమానమున మహాయుగము 12,000 సంవత్సరములు. యుగపరిమాణములలో సంధ్యా సంధ్యాంశములు చేరియే యున్నవి.

ఈ 43,20,000ను విడదీసినచో 2ను ఎనిమిది మారులు, 3ను మూడు మారులు, 5ను నాలుగు మారులు గుణించిన ఫలము వచ్చును. 256ను 27 చేత, దానిని 625 చేత గుణించి చూచుకొనవచ్చును. రెండు, మూడు, అయిదు తప్ప వేరొక మూలాంకము ఇందు లేదు. కావున దీనిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు 180 కలవు. ఒకటి మొదలు పది వరకు గల అంకెలలో ఒక్క ఏడు తప్ప తక్కినవన్నియు దీనిని భాగించును. కాలమును నెలలుగా, పక్షములుగా, ఘడియలుగా తునకలు చేయువానికి ఇంతకంటె అనువైన సంఖ్య దొరకదు. 108 చేత భాగించినచో 40,000. 21,600 చేత భాగించినచో 200. ఈ ఇరువదియొక్కవేల ఆరువందలే భగోళమునందలి కళల సంఖ్య. ఒక అహోరాత్రమునందలి ప్రాణముల సంఖ్యయు నదియే. ఆరు ప్రాణములు ఒక విఘడియ, అరువది విఘడియలు ఒక ఘడియ, అరువది ఘడియలు ఒక దినము. ఒక ప్రాణకాలమున భగోళము ఒక కళ తిరుగునని సిద్ధాంతులు చెప్పుట ఈ సామ్యమును బట్టియే.

కొందరు ఉపన్యాసకులు యుగసంఖ్యల అంకెలను కూడిన తొమ్మిదియే వచ్చుచున్నదని, అది మహాద్భుతమని సభలలో చెప్పుచుందురు. తొమ్మిది చేత భాగింపబడు ఏ సంఖ్య యొక్క అంకెలను కూడి, వచ్చినదానిని మరల కూడుచు పోయినను తుదకు తొమ్మిదియే వచ్చును. అంగడి చిట్టాలో 432 రూపాయలు వ్రాసినను అంతే. ఆ సంఖ్యలయందు ఆశ్చర్యపడదగినది వేరే కలదు. పైన చెప్పిన ఏడు విషయమును మాత్రము పాఠకులు గుర్తుంచుకొనవలెను. వారములు ఏడు. యుగ సంవత్సర సంఖ్యలో ఏడునకు చోటు లేదు. కావున వారము యుగగణితమునకు వెలుపలనుండి వచ్చి చేరవలసియున్నది. ఆ చేరికలోనే అసలు చిక్కు, అసలు రహస్యము కలవు.

వేయి మహాయుగములు ఒక కల్పము. అనగా 432 కోట్ల సంవత్సరములు, బ్రహ్మకు ఒక పగలు. ఇందు పదునలుగురు మనువులు. వేయిని పదునాలుగు చేత భాగించినచో నిశ్శేషముగా పోదు. 71 వచ్చి 6 మిగులును. ఇచ్చట మన పూర్వుల చమత్కారము చూడదగినది. ప్రతి మన్వంతరమునకు 71 మహాయుగముల నిచ్చి, మన్వంతరముల నడుమను, మొదటను, చివరను కలిపి పదునైదు సంధులను కల్పించిరి. ఒక్కొక్క సంధి కృతయుగ పరిమాణము, అనగా మహాయుగమున పదింట నాలుగు వంతులు. పదునైదు సంధులకు సరిగా 6 మహాయుగములు. 994కు 6 చేర్చినచో వేయి. మిగిలిన ఆరును పారవేయక, ఒక్క సంవత్సరమైన హెచ్చుతగ్గులు లేకుండ అమర్చిరి.

ఆర్యభటుడు ఈ మార్గమున పోలేదు. క్రీ.శ. 476లో జన్మించి, కలి 3,600 సంవత్సరములు గడచునప్పటికి, అనగా 499 నాటికి, ఇరువదిమూడేండ్ల వయసువాడైన ఆ మహానుభావుడు మన్వంతరమునకు 72 మహాయుగములు, కల్పమునకు 1,008 మహాయుగములు చెప్పెను. ఆయన మతమున సంధులు లేవు. యుగపాదములు నాలుగును సమానములు. ఒక్కొక్కటి 10,80,000 సంవత్సరములు. స్మృతులకు విరుద్ధముగా చెప్పినాడని బ్రహ్మగుప్తుడు 628లో రచించిన తన సిద్ధాంతమున ఆర్యభటుని గట్టిగానే తప్పుపట్టెను. అయినను 1,008 అను సంఖ్యకు ఒక గుణము కలదు. అది ఏడు చేత భాగింపబడును. కనుక ఆర్యభట మతమున ప్రతి కల్పమును ఒకే వారమున ఆరంభమగును. ఆ వారము గురువారము. ఆయన విడిచినవి సంధులు, సంపాదించినది వారము. దీనిని బ్రహ్మగుప్తుడు గమనింపలేదని తలచుటకు వీలులేదు. శాస్త్రజ్ఞుల వివాదములలో ఎదుటివాని లాభమును ఎత్తి చెప్పు ఆచారము ఎన్నడును తక్కువయే.

ఇక గ్రహముల విషయము. సిద్ధాంతగ్రంథములు గ్రహగతిని దినమునకు ఇన్ని కళలని భిన్నములతో చెప్పుటకు ముందు, మహాయుగమున ఇన్ని భగణములని పూర్ణసంఖ్యలతో చెప్పును. భగణమనగా రాశిచక్రమున ఒక పూర్తి ప్రదక్షిణము. సూర్యసిద్ధాంతమున సూర్యునికి 43,20,000, చంద్రునికి 5,77,53,336, కుజునికి 22,96,832, బుధశీఘ్రమునకు 1,79,37,060, గురునికి 3,64,220, శుక్రశీఘ్రమునకు 70,22,376, శనికి 1,46,568. చంద్రోచ్చమునకు 4,88,203, రాహువునకు విలోమముగా 2,32,238. మహాయుగమునందలి సావన దినములు 157,79,17,828. భిన్నమును వ్రాసినచో ఎంత సూక్ష్మముగా వ్రాసినను ఎచ్చటనో ఆపివేయవలసియుండును. ఆపిన చోట దోషము నిలుచును. పూర్ణసంఖ్యల నిష్పత్తికి ఆ దోషము లేదు. యుగము ఇంత పెద్దదిగా నుండుటకు గణితదృష్టిలో ప్రయోజనమిది.

ఈ సంఖ్యలు ఒకదానికొకటి కాపలా కాయును. చంద్రభగణములనుండి సూర్యభగణములను తీసివేసినచో 5,34,33,336 చాంద్రమాసములు. వీనిని ముప్పది చేత గుణించినచో 160,30,00,080 తిథులు. సౌరమాసములు 5,18,40,000, చాంద్రమాసములలోనుండి వీనిని తీసివేయగా 15,93,336 అధికమాసములు. తిథులలోనుండి సావన దినములను తీసివేయగా 2,50,82,252 క్షయతిథులు. గ్రంథము ఈ ఫలితములను గూడ విడిగా చెప్పుచున్నది. వ్రాయసకాడు ఒక అంకెను జారవిడిచినను కూడికలు, తీసివేతలు పొసగక తప్పు బయటపడును. పైగా ఎనిమిదికి వసువులు, ఏడునకు పర్వతములు, పదునైదునకు తిథులు అను విధమున భూతసంఖ్యలతో శ్లోకమున కూర్చుటచే మాట మారినచో ఛందస్సు చెడును. అంకెలకు గణితము ఒక కోట, ఛందస్సు మరియొక కోట. తాళపత్రములను చెదపురుగులు తిన్న దేశమున ఇంత పెద్ద సంఖ్యలు చెడక నిలిచియుండుటకు ఈ రెండే కారణములు.

సావన దినములను చాంద్రమాసములచేత భాగించినచో ఒక మాసమునకు 29.530588 దినములు వచ్చును. నేటి ఖగోళశాస్త్రజ్ఞులు చెప్పు మధ్యమ చాంద్రమాసమునకును దీనికిని భేదము సెకనులో చిన్న భాగము మాత్రమే. సౌరవర్షము అంత సూక్ష్మముగా లేదు. అది 365 దినముల 6 గంటల 12 నిమిషముల 36 సెకనులకు కొంచెము పైన వచ్చును. నేటి నాక్షత్ర సౌరవర్షముకంటె సుమారు మూడున్నర నిమిషములు హెచ్చు. పూర్వుల లెక్క అన్నిటను అక్షరాల సరిపోవునని చెప్పి వారిని గౌరవించినట్లు భావించుట వారికి మేలుచేయుట కాదు. కాలానుసారముగా బీజసంస్కారము చేయవలెనని చెప్పినవారును ఆ పూర్వులే.

పైన చెప్పిన ఏడు గ్రహభగణములను మరల చూడవలెను. ఏడును నాలుగు చేత నిశ్శేషముగా భాగింపబడును. గురునికి 91,055, బుధశీఘ్రమునకు 44,84,265, కుజునికి 5,74,208, ఇట్లే తక్కినవి. ఏడింటిని ఒక్కుమ్మడిగా భాగించు సంఖ్యలలో నాలుగునకు మించినది లేదు. దీనివలన రెండు విషయములు సిద్ధించుచున్నవి. ఏడు గ్రహములును మేషాదిని ఒకచోట కూడి బయలుదేరినచో, మహాయుగమున నాలుగవ వంతు, అనగా 10,80,000 సంవత్సరములు, గడచిన పిమ్మట మరల అచ్చటనే కూడును. అంతకు లోపల ఎన్నడును కూడవు. ఆర్యభటుని సమాన యుగపాదము సరిగా ఇంతయే యగుట గమనింపదగినది.

ఈ 10,80,000 సంవత్సరముల ఖండమును పాదమని పిలుచుకొందము. సంకల్పమునందలి కలి ప్రథమపాదమునకు దీనితో సంబంధము లేదు. ఒక పాదమునందు 39,44,79,457 దినములు. దీనిని ఏడు చేత భాగించినచో శేషము ఒకటి. అనగా ఒక పాదము ఆదివారమున మొదలైనచో మరుసటి పాదము సోమవారమున మొదలగును. లోపల దాదాపు నలువది కోట్ల దినములు గడచినను వారము కదలునది ఒక్క అడుగే.

చంద్రోచ్చ రాహువులు మాత్రము ఈ కట్టుబాటునకు లోబడవు. చంద్రోచ్చ భగణములను నాలుగు చేత భాగించినచో 1,22,050 పూర్తి ప్రదక్షిణములును, పైన ముప్పాతికయు వచ్చును. రాహువునకు 58,059 ప్రదక్షిణములును, పైన అరయు. కావున పాదమొకటి గడచునప్పటికి ఉచ్చము తొమ్మిది రాశులు ముందునకు, రాహువు ఆరు రాశులు వెనుకకు జరిగియుండును.

సూర్యసిద్ధాంతము మరియొక మాట చెప్పుచున్నది. ఈ ఇరువదియెనిమిదవ మహాయుగమునందలి కృతయుగాంతమున గ్రహములన్నియు మేషాదిని కూడెననియు, చంద్రోచ్చము మకరాదియందు, రాహువు తులాదియందు ఉండెననియు దాని భావము. అచ్చటినుండి త్రేతాద్వాపరములు, మూడును రెండును అయిదు పదవ వంతులు, అనగా సరిగా అర మహాయుగము, రెండు పాదములు గడచినచో కల్యాది వచ్చును. రెండు పాదములలో ఉచ్చము పదునెనిమిది రాశులు, అనగా ఒక ప్రదక్షిణము పైన ఆరు రాశులు, జరిగి మకరాదినుండి కర్కటకాదికి చేరును. రాహువు పన్నెండు రాశులు తిరిగి తులాదికే వచ్చును. గ్రహములేడును మేషాదియందే యుండును. ఆ దినము శుక్రవారము. క్రీస్తుపూర్వము 3102 ఫిబ్రవరి 18. సూర్యసిద్ధాంత మతమున గురువారము రాత్రి ఉజ్జయినీ మధ్యరాత్రమున కలి ప్రవేశించెను.

ఇప్పుడు చిక్కునకు వత్తము. కల్పాదినుండి కల్యాదివరకు గడచిన మహాయుగము లెన్ని? ఆరు మన్వంతరములకు 426. ఏడు సంధులకు 2.8, వైవస్వతమున గడచినవి 27, ప్రస్తుత మహాయుగమున కృతత్రేతాద్వాపరములు 0.9. మొత్తము 456.7. ఇందు పాదములు 1,826. పైన ఒక పాదమునకు తక్కువగా కొంత ఖండము మిగిలినది. ఈ ఖండమే సర్వమును చెరచుచున్నది. కల్పాదియందే గ్రహములు మేషాదినుండి కదలినవనుకొన్నచో, కల్యాదికి చంద్రుడు ఎచ్చట నుండును? 456 పూర్తి మహాయుగములను విడిచి, మిగిలిన 0.7 చేత చంద్రభగణములను గుణించినచో 4,04,27,335.2 వచ్చును. పూర్తి ప్రదక్షిణములు పోగా అయిదవ వంతు మిగిలినది. చంద్రుడు 72 భాగలలో, మిథునమున నుండవలెను. కుజుడు 144 భాగలలో, శని 216 భాగలలో. సూర్యుడు, బుధశీఘ్రము, గురుడు మాత్రము మేషాదియందే. కలి ప్రవేశమున సర్వగ్రహయోగమను సిద్ధాంతవచనము దీనితో పొసగదు. ఆదినుండి కొంత కాలమును తీసివేయక తప్పదు.

ఎంత తీసివేయవలెను? గ్రహములు కదలినది మొదలు కల్యాదివరకు పూర్తి పాదములే యుండవలెను, తునుకలు ఉండరాదు. ఇది మొదటి నియమము. దీనికి 1,826 పాదములు చాలును, 1,825 చాలును, 1,824 చాలును, ఎంతవరకైన దిగవచ్చును.

రెండవ నియమము వారమునకు సంబంధించినది. గ్రహముల మొదటి దినము గ్రహరాజైన సూర్యుని వారముగా నుండవలెను; సూర్యసిద్ధాంతమున దినాధిపతులను సూర్యాదిగానే లెక్కింపుమని చెప్పబడినది. ఆదివారమునుండి శుక్రవారమునకు అయిదు దినములు. పాదమొకటికి వారము ఒక అడుగు కదలును గనుక, పాదముల సంఖ్యను ఏడు చేత భాగించినపుడు శేషము 5 రావలెను. 1,826నకు శేషము 6, చెల్లదు. 1,825నకు 5, చెల్లును. పిదప ఏడేసి తగ్గించుచు పోయినచో 1,818, 1,811, 1,804 మొదలగునవి వచ్చును.

మూడవ నియమము చంద్రోచ్చమునకు సంబంధించినది. సృష్ట్యాదియందు ఉచ్చమును మేషాదియందే యున్నదనుకొన్నచో, పాదమొకటికి తొమ్మిదేసి రాశులు జరుగుచు కల్యాదికి కర్కటకాదికి, అనగా మూడు రాశులు దాటి, చేరవలెను. ఒక పాదమునకు తొమ్మిది; రెండింటికి పదునెనిమిది, అనగా ఆరు; మూడింటికి ఇరువదియేడు, అనగా మూడు; నాలుగింటికి సున్న. కావున పాదసంఖ్యను నాలుగు చేత భాగించినపుడు శేషము 3 రావలెను. రాహువు విషయము సులభము. పాదసంఖ్య బేసియైన చాలును, అతడు తులాదికి వచ్చును.

ఇప్పుడు 1,825ను పరీక్షింపవలెను. నాలుగు చేత భాగించినచో శేషము 1, చెల్లదు. 1,818నకు శేషము 2, చెల్లదు. 1,811నకు శేషము 3, చెల్లును. అన్ని నియమములకును లోబడి, 456.7 మహాయుగములలో ఇముడు అతి పెద్ద పాదసంఖ్య 1,811. ఏడునకు అయిదు, నాలుగునకు మూడు శేషముగా వచ్చు సంఖ్యలు ఇరువదియెనిమిదింటికి ఒకటి చొప్పున మాత్రమే దొరకును గనుక దీని తరువాతిది 1,839. అది కల్పాదికి ముందునకు పోవును. రెండు భాజకములను, రెండు శేషములను ఇచ్చి సంఖ్యను కనుగొనుమను ఇట్టి ప్రశ్నలనే కుట్టకమని ఆర్యభటాదులు విస్తరించిరి. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమునందు కూడ కుట్టకము కలదు. ఆ గ్రంథము ననుసరించియే పావులూరి మల్లన మన భాషలో గణితమును పద్యములలో చెప్పెను.

1,811 పాదములనగా 452.75 మహాయుగములు. 456.7 నుండి దీనిని తీసివేసినచో 3.95 మహాయుగములు మిగులును. మహాయుగము 12,000 దివ్యాబ్దములు గనుక 3.95ను 12,000 చేత గుణింపవలెను. వచ్చునది 47,400.

ఏబదివేలు ఏల కాదో, నలువదివేలు ఏల కాదో ఇప్పుడు వేరుగ చెప్పనక్కరలేదు. 1,825 పాదములైనచో 5,400 దివ్యాబ్దములు; 1,818 ఐనచో 26,400 దివ్యాబ్దములు వచ్చియుండును. ఆ రెంటియందును వారము కుదురును గాని ఉచ్చము కుదరదు. మూడవ మెట్టున రెండును కుదిరినవి. గ్రంథకర్త ఈ త్రోవనే నడచి ఈ సంఖ్యకు చేరెనని చెప్పుటకు గ్రంథమున వాక్యము లేదు. సంఖ్య మాత్రము ఈ త్రోవన నడచినవానికి ఎదురువచ్చుచున్నది.

ఆక్షేపించువాడు అప్పటికిని ఒక మాట అనవచ్చును: లెక్క కుదురుటకై కల్పించిన కాలమే గాని జరిగిన కాలము కాదు గదా యని. ఇందు కొంత నిజము లేకపోలేదు. కల్యాదినాటి గ్రహస్థితిని నేటి గణితముతో వెనుకకు లెక్కించి చూచినవారు ఆనాడు గ్రహములన్నియు ఒకే బిందువునందు లేవనియు, ఆకాశమున ఒక దిక్కున కొంత చెదరి యుండెననియు చెప్పుచున్నారు. సర్వగ్రహయోగము మధ్యమ గ్రహములకు చెప్పిన గణితారంభ స్థానము. కంటితో చూచి వ్రాసిన దినచర్య కాదు. నదీతీరమున కొలత కొయ్యను పాతినవాడు నది అచ్చటనే పుట్టినదని చెప్పడు. జగత్తునకు నిజముగా ఎన్ని సంవత్సరములు గడచినవను ప్రశ్న వేరు. ఈ సంఖ్య ఏ నియమములకు కట్టుబడి యున్నదను ప్రశ్న వేరు. రెండింటిని కలిపివేయుటచేతనే ఒకడు నవ్వుచున్నాడు, మరియొకడు కోపగించుచున్నాడు.

ఈ చిక్కును అందరును ఒకే రీతిగా విప్పలేదు. బ్రహ్మగుప్తుడు మహాయుగమునకు బదులు కల్పమునకే భగణములను చెప్పెను. కల్పమునందలి సావన దినములు ఆయన మతమున 1,57,791 కోట్ల 64 లక్షల 50 వేలు. కల్పాదియందే సర్వగ్రహయోగమును ఉంచి, సృష్టికాలమును తీసివేయుట మానివేసెను. కల్యాదికి గ్రహములు ఒక్కచోట కూడకున్నను ఆయనకు బాధ లేదు. ఆ దినసంఖ్యను 456.7 మహాయుగములకు తగినట్లు లెక్కించినచో కల్యాదికి 72,063 కోట్ల 44 లక్షల 42 వేల 715 దినములు వచ్చును. ఏడు చేత భాగించినచో శేషము 5. ఆయన కల్పమును ఆదివారముననే మొదలగుచున్నది. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు ఈ మార్గమునే అనుసరించెను.

సూర్యసిద్ధాంత పక్షమున సృష్ట్యాదినుండి కల్యాదివరకు గల అహర్గణము, పాదదినములను 1,811 చేత గుణించిన ఫలము. 39,44,79,457ను 1,800 చేత గుణించినచో 71,006 కోట్ల 30 లక్షల 22 వేల 600. పదునొకటి చేత గుణించినచో 433 కోట్ల 92 లక్షల 74 వేల 27. రెండును కూడినచో 71,440 కోట్ల 22 లక్షల 96 వేల 627. పాఠకులు కాగితము, కలము తీసికొని దీనిని ఏడు చేత భాగింపవచ్చును. శేషము 5 వచ్చినచో గుణకారము సరియైనది. ఆదివారమునుండి అయిదు దినములు లెక్కించినచో శుక్రవారము. అచ్చటినుండి ఈనాటివరకు గడచిన దినములను పంచాంగమునందలి కలి అహర్గణమునుండి గ్రహించి, దీనికి చేర్చి, మరల ఏడు చేత భాగించినచో, శేషము సున్న వచ్చినపుడు ఆదివారము, ఒకటి వచ్చినపుడు సోమవారము, ఈ వరుసన శనివారమువరకు లెక్కింపవలెను. కలి అహర్గణమును కొందరు గతదినములుగను, కొందరు వర్తమాన దినముతో కలిపియు వ్రాయుదురు. ఒక దినము తేడా వచ్చినచో కారణమిదియేయని గ్రహించి, ఆ ఒకటిని సరిచేసికొనవలెను.